అడవి దారి – మీ ప్రశ్నలు: ఆకు రాలాక కనిపించే ఇల్లు

పోయిన సంచికలో గ్రేట్ స్మోకీ కొండల్లో, టెనెసీ వైపున్న వాకర్ అక్కచెల్లెళ్ళ ఇంటి గురించి నేను రాసింది నాలుగు వాక్యాలే. చుట్టూ నేషనల్ పార్కు వచ్చినా కదలకుండా, సొంతంగా సేద్యం చేసుకుంటూ బతికిన అక్కచెల్లెళ్ళ పాత దుంగల ఇల్లు అది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి పేజీ అంతా ఆ దారికే ఇస్తున్నాను.

అక్కా, మేం షార్లెట్‌లో ఉంటాం. క్రిస్మస్ సెలవుల తర్వాత ఒక శనివారం పిల్లలిద్దరినీ (తొమ్మిది, పన్నెండేళ్ళు) తీసుకుని ఆ ఇంటికి నడిచి వెళ్దామనుకుంటున్నాం. మావారేమో ఆకులన్నీ రాలిపోయాక అడవిలో చూడ్డానికేముంటుంది, అక్టోబరులో వెళ్దాం అంటున్నారు. మీరేమంటారు?

జనవరిలోనే వెళ్ళమ్మా. అక్టోబరులో రంగులు కనిపిస్తాయి, నిజమే. కానీ ఆ అడవి ఒకప్పుడు అడవి కాదన్న సంగతి జనవరిలోనే కనిపిస్తుంది.

మీ వారికి ఇలా చెప్పి చూడు. ఇప్పుడు చెట్లున్న ఆ లోయలో ఒకప్పుడు మొక్కజొన్న చేలుండేవి. ఆకు దట్టంగా ఉన్నప్పుడు దారికి పదడుగుల అవతల ఏముందో తెలీదు. ఆకు రాలాక వాలు మొత్తం బయటపడుతుంది. పొలం చదును చేస్తూ ఏరి పోసిన రాళ్ళ కుప్పలు, పాత బాట ఆనవాలు, వాగు పక్కన సమంగా ఉన్న కాస్త నేల ఒక్కొక్కటీ కంటబడతాయి. ట్యూలిప్ పాప్లర్ చెట్లు ఒకే లావులో, ఒకే ఎత్తులో, దగ్గరదగ్గరగా నిటారుగా నిలబడి ఉన్నచోట ఒక్క నిమిషం ఆగండి. సేద్యం ఆపేసిన పొలంలో ముందుగా లేచే చెట్లలో అదొకటి. అన్నీ ఒకే ఈడువి కాబట్టి అలా ఉంటాయి. పిల్లలకి ఇది చూపించి, ఇంకా ఎక్కడెక్కడ పొలాలుండేవో వాళ్ళనే కనిపెట్టమను. నడకంతా వాళ్ళే ముందుంటారు.

దారి సంగతి. పార్కు అంచునున్న గాట్లిన్‌బర్గ్ పట్టణం వైపు నుంచి వస్తే షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్ దాటి లిటిల్ రివర్ రోడ్డు పట్టుకుని మెట్‌కాఫ్ బాటమ్స్ అనే పిక్నిక్ స్థలం దాకా రండి. ఆ రోడ్డే ఒక పాత కథ. చాలావరకు కలప కంపెనీ దుంగలు మోసిన రైలుకట్ట మీద వేసింది అది. ఏటి వంపుల వెంట అలా తిరుగుతూ పోవడానికి కారణం అదే. మెట్‌కాఫ్ బాటమ్స్‌లో కారు ఆపి, వంతెన దాటి నడక మొదలెడితే ముప్పావు మైలు లోపే లిటిల్ గ్రీన్‌బ్రయర్ బడి వస్తుంది. అక్కణ్ణించి వాగు పక్కనే పాత బండిబాట, ఇంకో మైలుంపావు. రానుపోను మొత్తం నాలుగు మైళ్ళకి కాస్త అటూఇటూ. మీ చిన్నది నడవగలదు.

బడి దగ్గర తొందరపడకండి. 1882లో ఆ లోయవాళ్ళు తమ చేతులతో కట్టుకున్న బడి అది. పాప్లర్ దుంగలతో కట్టారు. ఆదివారాలు అదే చర్చి అయ్యేది. 1930ల దాకా అందులో పాఠాలు నడిచాయి. పక్కనే శ్మశానం. పేరు లేని చిన్న రాళ్ళు కూడా కొన్ని ఉంటాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రాత్రి పడ్డ పల్చటి మంచు ఆ రాళ్ళ తలల మీద మాత్రమే మిగిలి ఉంది. గడ్డి మీదంతా కరిగిపోయింది. దానివల్ల ఎన్ని రాళ్ళున్నాయో లెక్కపెట్టగలిగాను. ఎండాకాలంలో అన్ని కనబడలేదు నాకు.

ఇక ఇల్లు. మొదటి కట్టడం 1840ల నాటిది. జాన్ వాకర్ అనే ఆయన, అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడి వచ్చినవాడు, అక్కడ సంసారం పెట్టాడు. పదకొండుమంది పిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. అందరూ పెరిగి పెద్దయ్యారు. ఆ రోజుల్లో, ఆ కొండల్లో అదెంత మాటో ఆలోచించు. మగపిల్లలు పెళ్ళిళ్ళయి బయటికి వెళ్ళారు. ఆడపిల్లల్లో ఒక్క కేరొలైన్‌కే పెళ్ళయింది. తండ్రి 1921లో పోయాక పొలం అక్కచెల్లెళ్ళ చేతుల మీదే నడిచింది. దున్నడం, కోయడం, గొర్రెలు, పత్తి, మగ్గం అంతా వాళ్ళే.

ఇంతలో నేషనల్ పార్కు వచ్చింది. 1934లో ఏర్పడిన ఆ పార్కు కోసం 1,200 మందికి పైగా భూయజమానులు ఊళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. వీళ్ళు మాత్రం కదలమన్నారు. 1940 సెప్టెంబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర నిలబడి పార్కును జాతికి అంకితం చేసినప్పుడు కూడా అప్పటికి అక్కడ మిగిలిన మార్గరెట్, పాలీ, మార్తా, లూయీసా, హెట్టీ ఐదుగురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. చివరికి 4,750 డాలర్లకు భూమి ఇచ్చారు. బతికున్నంతకాలం అక్కడే ఉంటామన్న షరతు మీద. ఉండనిచ్చారు గానీ వేట కూడదు, చేపలు పట్టకూడదు, చెట్టు కొట్టకూడదు, పశువుల్ని మేపకూడదు. రైతు బతుకులో ఇంకేం మిగిలింది చెప్పు?

ఆఖరిగా లూయీసా 1964లో కన్నుమూసింది. ఆ ఇల్లు అంత చక్కగా నిలబడి ఉండటానికి ఇదొక కారణం. అది ఎప్పుడో విడిచిపెట్టిన ఇల్లు కాదు. మన తల్లిదండ్రుల కాలం దాకా పొయ్యి రాజుకున్న ఇల్లు.

ఇంకో మాట కూడా పిల్లలకి చెప్పు. వాకర్లకీ వాళ్ళ ముందువాళ్ళకీ ముందు ఆ కొండలు చెరోకీ అనే ఆదివాసులవి. 1838లో సైన్యం వాళ్ళలో ఎక్కువమందిని పడమటికి తరిమింది. కొండల్లో మిగిలిపోయిన కొందరి వారసులు ఇప్పటికీ పార్కుకి అటువైపు, నార్త్ కరొలైనాలో ఉన్నారు. మీరు అటువైపు నుంచే వస్తారు కదా, చెరోకీ పట్టణం దారిలోనే తగలొచ్చు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ కథ ఆ లోయలో ఒక్కటే కాదు.

ఆంటీ, నేను అట్లాంటాలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఫ్రెండ్స్ ఐదుగురం వెళ్తున్నాం. స్నో బూట్లు కొనాలా? జీన్స్, హుడీ సరిపోవా? మధ్యాహ్నం రెండింటికల్లా అక్కడికి చేరతాం.

సరిపోవు బాబూ. రెండింటికి చేరడం అసలు వద్దు.

మొదట వేళ సంగతి. డిసెంబరు చివర, జనవరి మొదట్లో అక్కడ ఐదున్నర ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. అది లెక్క ప్రకారం. లోయలో ఉంటారు కాబట్టి నాలుగు దాటేసరికే ఎండ కొండ వెనక్కి పోతుంది. ఎండ పోయిన పావుగంటకి చలి మారిపోతుంది. 2009 జనవరిలో నేనూ మావారూ సరిగ్గా ఈ తప్పే చేశాం. మూడింటికి బయల్దేరి, ఇంటి దగ్గర గంటసేపు ఉండిపోయాం. తిరుగుదారిలో బడి దాటాక చీకటి పడింది. అక్కడ వాగుల మీద వంతెనలుండవు, పైభాగం చదును చేసిన ఒకే దుంగ, ఒక పక్క చేయి పట్టుకోను కర్ర. మధ్యాహ్నం తడిగా ఉన్న దుంగ రాత్రికి అద్దంలా గడ్డకట్టింది. మావారు జారి మోకాలి దాకా నీళ్ళలో పడ్డారు, మడమ బెణికింది. మిగిలిన అరమైలుకి గంట పట్టింది. ఆయన జీన్స్‌లో ఉన్నారు. కారు ఎక్కేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, మాట తడబడుతోంది. నేనెప్పుడూ అంత భయపడలేదు.

అందుకే జీన్స్ వద్దంటున్నాను. నూలుబట్ట తడిని పీల్చి పట్టుకుంటుంది, ఒంటి వేడిని లాగేస్తుంది. చెమట పట్టినా అంతే. ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి నీరు గడ్డకట్టే చలే అక్కర్లేదు. నలభై డిగ్రీల ఫారెన్‌హీట్‌లో తడిసి, గాలి తగిలితే చాలు. ఒంటికి ఆనుకుని ఉన్నిదో పాలియెస్టర్‌దో పల్చటి చొక్కా, దాని మీద ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్టు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యి, ఆగినప్పుడు చలి పుట్టకముందే వేసుకో. ఇది చెప్పినా మీ వయసువాళ్ళు ఎవరూ చెయ్యరు, చెమట పట్టాకే తీస్తారు. ఈసారికి నా మాట విను.

స్నో బూట్లు అక్కర్లేదు. మెట్‌కాఫ్ బాటమ్స్ దగ్గర ఎత్తు తక్కువ, మంచు లోతుగా పడి నిలిచే చోటు కాదది. నీళ్ళు చొరబడని, అడుగు గట్టిగా పట్టే మామూలు హైకింగ్ బూట్లు చాలు. వాటి మీద తొడుక్కునే ఇనుప ముళ్ళ గొలుసులు, మైక్రోస్పైక్స్ అంటారు, ఒక జత సంచిలో పెట్టుకో. మనిషికొక తలదీపం. ఫోన్ లైటు దీపం కింద లెక్కకాదు, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. పైగా దుంగ మీద నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మ్యాపు ముందే ఫోనులోకి దింపుకో, ఆ లోయలో సిగ్నల్ మీద ఆధారపడకూడదు.

పొద్దున పదింటికి నడక మొదలెట్టండి. మంచు పడితే లిటిల్ రివర్ రోడ్డునే మూసేస్తారు ఒక్కోసారి, బయల్దేరేముందు పార్కువాళ్ళ రోడ్ల సమాచారం చూసుకోండి. పార్కుకి ప్రవేశరుసుము లేదు గానీ పావుగంట మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. 2023 మార్చి నుంచి వచ్చిన పద్ధతి అది. మొదలెట్టినప్పుడు రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40 పెట్టారు. ప్రతి కారుకీ విడిగా కావాలి.

మా కుక్కని తీసుకెళ్ళొచ్చా? ఎలుగుబంట్లు చలికాలం నిద్రపోతాయి కదా, భయం లేదుగా?

కుక్క వద్దు. మొత్తం పార్కులో కుక్కలకి అనుమతి ఉన్న నడకదారులు రెండే, గాట్లిన్‌బర్గ్ ట్రెయిల్, ఓకొనలుఫ్టీ రివర్ ట్రెయిల్. ఎలుగులు అక్కడ గాఢంగా నిద్రపోవు. కాస్త వెచ్చగా ఉన్న రోజున లేచి తిరుగుతాయి. నూటయాభై అడుగుల దూరం ఉంచాలన్న నియమం అన్ని కాలాలకీ ఒకటే.

మేం పోయిన ఫిబ్రవరిలో వెళ్ళొచ్చాం. నిజం చెప్పాలంటే నిరాశ పడ్డాం. ఇంట్లో ఒక్క సామాను లేదు, ఒట్టి గోడలు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. అంతదూరం నడిచి ఖాళీ ఇల్లు చూడటంలో ఏముందో మీరే చెప్పాలి. – నాష్‌విల్ పాఠకురాలు

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మీ నిరాశ నాకర్థమైంది. వాళ్ళ సామాను చాలావరకు పార్కువాళ్ళు భద్రపరిచారు, ఇంట్లో వదిలేస్తే ఈపాటికి మిగిలేది కాదు. మరోసారి వెళ్ళగలిగితే ఇలా చూడండి.

లోపలికి వెళ్ళకముందు ఇంటి మూల దగ్గర ఆగండి. రెండు గోడల దుంగలు కలిసేచోట చివరలు ఎలా చెక్కారో చూడండి. ఒకదాని మీద ఒకటి కూర్చుని, బరువు పడేకొద్దీ ఇంకా బిగుసుకునేలా ఉంటాయి. ఆ కోత వాలు బయటికి ఉంటుంది, వాన నీరు లోపల నిలవకుండా జారిపోవడానికి. మూలకి ఒక్క మేకు అక్కర్లేదు. దుంగల సందుల్లో మట్టి మెత్తారు. దుంగ మొహం మీద చెయ్యి ఆనించకుండా, పక్కనుంచి పడే ఎండలో చూడండి, గొడ్డలి దెబ్బలు కనిపిస్తాయి. చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక పొద్దున పదకొండింటికి కూడా ఆ గాట్లు నీడలు పోసి లేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం అదే గోడ నున్నగా కనిపిస్తుంది.

వంటగది విడి కట్టడం. దాన్ని తర్వాత ఇంటికి కలిపారు, దాని పొగగొట్టం దానిదే. రెండింటికీ మధ్య దుంగల పనితనం తేడా మీకే తెలుస్తుంది. ఆ గదిలో చలిలో ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. గాలి ఎటునుంచి వస్తోందో ఒంటికి తెలుస్తుంది. వాళ్ళు లోపలి గోడలకి పాత వార్తాపత్రికలు, మ్యాగజీన్ కాగితాలు అంటించుకున్నారు. అందానికి కొంత, ఆ గాలిని ఆపడానికి ఎక్కువ. మే నెలలో వెళ్ళినవాళ్ళకి ఆ కాగితాల అవసరం ఎప్పటికీ తెలీదు.

తర్వాత ఊట దగ్గరికి నడవండి. దాని మీద చిన్న గది కట్టారు, స్ప్రింగ్ హౌస్ అంటారు. ఊటనీరు ఏడాది పొడుగునా దాదాపు ఒకే చల్లదనంలో ఉంటుంది. వేసవిలో పాలు విరక్కుండా, చలికాలంలో గడ్డకట్టకుండా ఆ నీళ్ళే కాపాడేవి. ఇంటినుంచి అక్కడికి అడుగులు లెక్కపెట్టండి. రోజుకి ఎన్నిసార్లు, నీళ్ళ బరువుతో, మంచులో, డెబ్భై ఎనభై ఏళ్ళ వయసులో. మొక్కజొన్న పొత్తుల గాదె కూడా మిగిలింది. పలకల మధ్య సందులున్నాయని పాడుబడ్డదనుకోకండి, గాలి ఆడి పొత్తులు ఆరడానికే ఆ సందులు.

నా ఇంట్లో ఒక చిన్న చేనేత మగ్గం ఉంది. నూలు కొనుక్కొచ్చి నేస్తాను. కొన్న నూలుతోనే ఒక తువ్వాలుకి పడుగు ఎక్కించి నేసి దించేసరికి నాకు రెండు రోజులు పడుతుంది. వాళ్ళు పత్తి పండించి, గింజ తీసి, ఏకి, వడికి, రంగు వేసి, అప్పుడు నేశారు. గొర్రెల ఉన్నీ అంతే. పత్తి గింజ తీసే చిన్న యంత్రం ఇంట్లోనే ఉండేది. చక్కెర, కాఫీ, ఉప్పు, సోడా, ఈ నాలుగూ తప్ప తమకి కావాల్సినవన్నీ తమ నేల ఇస్తుందని వాళ్ళు చెప్పేవారట. ఆ ఖాళీ గదిలో నేను మగ్గం ఎక్కడ పెట్టి ఉంటారా అని చూస్తాను. కిటికీ వెలుగు ఎటుందో, పొయ్యి వేడి ఎంతదూరం వస్తుందో చూసి ఒక చోటు అనుకుంటాను. పదిహేనేళ్ళలో ఆ చోటు మూడుసార్లు మార్చుకున్నాను.

1946లో ఒక పెద్ద పత్రిక వాళ్ళ గురించి రాసింది. దాంతో జనం విరగబడి వచ్చారు. మొదట్లో వాళ్ళు సంతోషంగానే చూపించేవాళ్ళు, లూయీసా తను రాసిన పద్యాలు వచ్చినవాళ్ళకి అమ్మేది. చివరికి ఇద్దరే మిగిలారు. 1953లో, మాకు వయసు మీదపడింది, ఇంటిపనే చేసుకోలేకపోతున్నాం, సందర్శకులకి దారి చూపే బోర్డు తీసెయ్యండి అని పార్కు అధికారికి ఉత్తరం రాశారు. మీరు పది నిమిషాల్లో బయటికి రావడం తప్పేమీ కాదు. నేను కూడా ఆ గుమ్మం దగ్గర ప్రతిసారీ ఒక క్షణం ఆగుతాను, పిలవని ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

ఒక హెచ్చరిక, మరమ్మతుల కోసం ఇంటిని అప్పుడప్పుడు మూసేస్తుంటారు. షుగర్‌ల్యాండ్స్‌లో అడిగి వెళ్ళండి.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నాలుగు మైళ్ళు నడవలేరు. ఆవిడకి ఇలాంటి పాత రైతు ఇల్లు చూడాలని ఆశ. దారేదైనా ఉందా?

ఉంది. పార్కుకి దక్షిణం వైపు, చెరోకీ దగ్గర ఓకొనలుఫ్టీ విజిటర్ సెంటర్ పక్కనే మౌంటెన్ ఫార్మ్ మ్యూజియం. కారు దిగి కొన్ని అడుగులు వేస్తే చాలు. కొండల్లో వేరువేరు చోట్ల ఉన్న ఇల్లు, కొట్టం, గాదెలు, కమ్మరి కొలిమి వగైరా ఒకచోటికి తెచ్చి నిలబెట్టారు. కాబట్టి అది ఒక్క కుటుంబం పొలం కాదు, ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పండి.

ఇంటికి వాడిన కలప చూపించండి. చెస్ట్‌నట్. ఒకప్పుడు ఈ కొండలనిండా ఉండే చెట్టు. 1904లో న్యూయార్క్‌లో మొదట కనబడ్డ బూజు తెగులు 1930లు, 40లకల్లా ఇక్కడి పెద్దచెట్లని తుడిచిపెట్టేసింది. అలాంటి దుంగలు ఇప్పుడు అడవిలో కావాలన్నా దొరకవు.

ఓపిక ఉంటే పక్కనే ఏటి వెంట చదునైన దారి ఉంది, కొంచెం దూరం నడిపించండి. ఉదయం పూట పొలంలో ఎల్క్‌లు, పెద్ద కొమ్ముల దుప్పులు, మేయడానికి వస్తుంటాయి. వాటినీ నూటయాభై అడుగుల అవతల నుంచే చూడాలి. గాట్లిన్‌బర్గ్‌లో దిగితే మాత్రం 5,000 అడుగుల పైన ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ దాటి రావాలి, మంచుపడ్డ రోజు ఆ రోడ్డు మూసేస్తారు.

మా అమ్మాయి ఆ దారి పక్కన ఆకుల కింద ఒక తుప్పుపట్టిన ఇనుప ముక్క దొరికితే ఇంటికి తెచ్చింది. పాత గొళ్ళెంలా ఉంది. చెత్తలాంటిదే కదా, ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. పార్కులో మేకు కూడా తియ్యకూడదని చట్టం. చట్టం ఒక్కటే కాదు. ఆ గొళ్ళెం దొరికినచోట ఒక తలుపుండేది. తలుపుంటే గోడ, గోడుంటే ఇల్లు. ఆ వాలు మీద ఎన్ని ఇళ్ళుండేవో చెప్పడానికి మిగిలినవి ఇలాంటి ముక్కలే. చోటునుంచి కదిలిస్తే అది ఒట్టి ఇనుమైపోతుంది.

అమ్మాయిని తిట్టకండి. ఆకుల కింద అది కనిపెట్టిందంటే మంచి కళ్ళున్న పిల్ల. ఎక్కడ దొరికిందో తననే గుర్తుచేసుకుని బొమ్మ గీయమనండి, బడికి అటా ఇటా, వాగు ఎటువైపు, దగ్గర్లో ఏ చెట్టు. ఆ కాగితంతో సహా ముక్కని షుగర్‌ల్యాండ్స్‌లో రేంజర్ చేతికి ఇవ్వండి.

అది ఇవ్వడానికి ఎలాగూ వెళ్ళాలి కాబట్టి, ఆ ప్రయాణం మార్చి మొదట్లో పెట్టుకోండి. ఆకు ఇంకా చిగురించదు, అడవంతా బూడిదరంగులోనే ఉంటుంది. మధ్యలో ఎక్కడో, దారికి దూరంగా, పసుపుపచ్చగా డాఫడిల్ పూలు వరసగా పూసి కనిపిస్తాయి. అవి అడవిలో వాటంతట అవి మొలిచేవి కావు. ఎవరో గుమ్మం ముందు నాటుకున్నవి. ఆ వరసకి ఎదురుగా నిలబడి గుమ్మం ఎటుండేదో మీ అమ్మాయిని చెప్పమనండి. ఏం చెప్పిందో నాకు రాయండి.